ఎట్‌సీడీ లర్నర్: నోడ్ చేర్చాలంటే ఇప్పుడు భయం లేదు

ఎట్‌సీడీ అంటే ఒకే డేటాను పలు సర్వర్లలో (నోడ్లలో) ఉంచే డేటాబేస్. దాని మూడు నోడ్ల క్లస్టర్‌కు నాలుగోది చేర్చగానే కోరం, అంటే ఏ మార్పు జరగాలన్నా కావాల్సిన కనీస ఓట్లు, రెండు నుంచి మూడుకు పెరుగుతుంది, కొత్త నోడ్ ఇంకా లేవకపోయినా సరే. ఒకసారి దాని అడ్రస్‌లో పోర్ట్ నంబర్ తప్పు కొట్టాను. అప్పుడే పాత నోడ్ ఒకటి పడిపోయింది. మిగిలినవి రెండే. రాతలన్నీ ఆగిపోయాయి. పోనీ, ఆ తప్పు నోడ్‌ను తీసేద్దామన్నా దానికీ కోరం కావాలి! ఆ రాత్రి పడ్డ టెన్షన్ ఇంకా గుర్తుంది.

3.4 వెర్షన్‌లో వచ్చిన లర్నర్ అనే సదుపాయం ఈ చిక్కును చక్కగా విప్పింది. కొత్త నోడ్ ఓటు లేకుండా చేరి, లీడర్ (రాతలను నడిపించే నోడ్) నుంచి లాగ్ (మార్పుల చిట్టా) అందుకుంటుంది. అది బాగా వెనకబడి ఉండగా ఓటున్న నోడ్‌గా ప్రమోట్ చేయబోతే ఎట్‌సీడీ ఒప్పుకోదు. పోయినవారం నా కమాండ్‌ను రెండుసార్లు తిప్పికొట్టి, మూడోసారి తీసుకుంది. ఆ తిరస్కరణ చూశాకే నాకు ధైర్యం వచ్చింది. ఐదు నోడ్లకు పెంచేవాళ్లు మాత్రం ఒక్కో నోడే చేర్చండి.