మోకాలి ఆపరేషన్ తర్వాత ఇంటికొచ్చే ఫిజియో సర్వీసు: నా మార్కులు ఐదుకి మూడున్నర

మూడున్నరలో మూడు మా ఇంటికి వచ్చిన ఫిజియో అబ్బాయివి, మిగిలిన అర అతన్ని పంపినందుకు కంపెనీకి. కంపెనీ పేరు రాయడం లేదు. ఫోన్లో బుక్ చేసుకుంటే ఇంటికి మనిషిని పంపే సర్వీసులు ఇప్పుడు విజయవాడలోనే బోలెడున్నాయి, పక్కింటివాళ్ళనీ చుట్టాలనీ అడిగి చూస్తే అన్నిటి వరసా ఇంచుమించు ఒకటే. అందుకని పేరు కన్నా ఏం చూసుకోవాలో చెప్తేనే మీకు పనికొస్తుంది.

నేను టీచర్‌గా చేసి రిటైరయ్యాను. కుడి మోకాలు అరిగిపోయి, ఇంజెక్షన్లు, నూనెలు, బెల్టులు అన్నీ అయ్యాక మార్పించుకున్నాను. ఆపరేషన్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, మర్నాడే వాకర్ పట్టించి నడిపించారు, కొద్ది రోజులకే ఇంటికి పంపేశారు. మావారు ముందు నుంచీ ఇంప్లాంటు ధర మీదే పడ్డారు. 2017లో కేంద్ర ప్రభుత్వం మోకాలి ఇంప్లాంట్లకి గరిష్ఠ ధర పెట్టిందట, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో 54,720 రూపాయలు, పైన జీఎస్టీ. ఆ కాగితం ప్రింట్ తీసుకుని బిల్లింగ్ కౌంటర్ దగ్గర నిలబడ్డారు పాపం. లోపల పెట్టే లోహం ముక్క ధర గురించి ఎవరినడిగినా చెప్తారు. దాన్ని వంచి, చాపి, నడిచేలా చేయడానికి తర్వాత ఎంతవుతుందో మాత్రం డిశ్చార్జి కాగితంలో ఒక్క లైనులో తేల్చేస్తారు, "ఫిజియోథెరపీ కొనసాగించాలి" అని.

మాకైతే సిట్టింగ్‌కి 700 చెప్పారు. పది సిట్టింగుల ప్యాకేజీ అయితే 6,000, డబ్బు ముందే కట్టాలి. ఈ "ముందే" అన్న మాట గుర్తుపెట్టుకోండి, దీని సంగతి కిందకి వెళ్ళాక చెప్తాను.

మొదటి రోజు వచ్చింది పాతికేళ్ళ కుర్రాడు. వచ్చీ రాగానే కాలు పట్టుకోలేదు. చేతులు కడుక్కుని, డిశ్చార్జి కాగితాలు మొత్తం చదివి, ఏ మందులు ఏ టైముకి వేసుకుంటున్నానో అడిగి, కుట్లు చూసి, పిక్క నెమ్మదిగా నొక్కి చూసి, "ఇక్కడ నొప్పిగానీ గట్టిదనంగానీ ఉందా అమ్మా" అని అడిగాక అప్పుడు మొదలుపెట్టాడు. నొప్పి మాత్ర అరగంట ముందు వేసుకుంటే వ్యాయామం ఓర్చుకోగలరని టైము కూడా అతనే సర్దాడు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కొలబద్ద తీశాడు, రెండు స్కేళ్ళు మధ్యలో చీలతో కలిపినట్టుంటుంది, గోనియోమీటర్ అంటారట. దాన్ని మోకాలి పక్కన ఆనించి, ఎంత వంగుతోందో ఎంత చాపగలుగుతున్నానో రెండంకెలు చూసి, గోడ మీది తెలుగు క్యాలెండర్లో ఆ రోజు తిథి కింద పెన్సిల్‌తో రాశాడు. "ఇవి నాకోసం అమ్మా, మీరు రోజూ చూసుకోకండి" అన్నాడు. ఎదురుగా గోడ మీద రాసి చూసుకోవద్దంటే ఎలా కుదురుతుంది!

అతని దగ్గర నాకు బాగా నచ్చినది, కాలు వంచడం కంటే ముందు చాపడం మీద దృష్టి పెట్టాడు. పరామర్శకి వచ్చే ప్రతివాళ్ళూ "ఎంత వంగింది?" అనే అడుగుతారు. పూర్తిగా చాపడం రాకపోతే నడకలో కుంటు మిగిలిపోతుందని ఎవరూ చెప్పరు. హాయిగా ఉంటుందని మోకాలి కింద తలగడ పెట్టుకుంటాం కదా, అది తీయించేశాడు, అలా వంచి ఉంచితే అలాగే బిగుసుకుపోతుందట. తువ్వాలు చుట్ట చుట్టి మడమ కింద పెట్టించి మోకాలిని ఊరికే వదిలేయమనేవాడు. చూడ్డానికి ఏమీ లేదు, వెల్లకిలా పడుకుని ఉండటమే. రెండో నిమిషానికి తొడ వెనకాల నరాలు పీకుతుంటే పళ్ళు బిగపట్టుకుని సీలింగ్ ఫ్యాన్ తిరుగుళ్ళు లెక్కపెట్టేదాన్ని. మిగతావి అందరికీ చెప్పేవే. పాదాలు పైకీ కిందకీ ఆడించడం, తొడ కండరం బిగించి వదలడం, మడమని మంచం మీద జరుపుతూ దగ్గరికి లాక్కోవడం, కాలు నిటారుగా ఎత్తడం. మెట్ల దగ్గర ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు అని చెప్పి మావారి చేత కూడా అప్పజెప్పించుకున్నాడు.

మూడో వారంలో అసలు పరీక్ష వచ్చింది. అప్పటిదాకా వంపు రోజుకి కొంచెం చొప్పున పెరిగి 90 డిగ్రీల దగ్గరికి వచ్చింది, నేనూ ఉషారుగా వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు నిలబడి పులిహోర కలిపాను, చుట్టాలు వచ్చారు, నవ్వుతూ కబుర్లు చెప్పాను. మర్నాటికి మోకాలు గుమ్మడికాయలా ఉంది. కొలిస్తే 76. ఆ అంకె చూసి ఏడ్చేశాను. వారం రోజుల కష్టం ఒక్క పూటలో పోయిందనిపించింది.

అతను కంగారు పడలేదు, నన్ను కసరలేదు. "కీలు చెడిపోలేదమ్మా, లోపల నీరు చేరి మడవడానికి చోటు తగ్గింది, వాపు దిగితే అంకె దానంతటదే వస్తుంది" అన్నాడు. ఆ రోజు వంచడమే పెట్టుకోలేదు. కాలు గుండె కంటే ఎత్తులో పెట్టించి, పాదాలు ఆడించమని, ఐస్ ప్యాక్‌కి బట్ట చుట్టి పావుగంట పెట్టమని చెప్పి వెళ్ళిపోయాడు. పక్క పోర్షన్ ఆవిడ వేణ్ణీళ్ళ కాపడం పెట్టమంటే, వాపు ఉన్న ఈ రోజుల్లో వద్దన్నాడు. డబ్బు తీసుకునే మనిషి, చేయాల్సినంత చేశాను అనిపించుకోవడానికైనా కాలు పట్టుకుని కాసేపు వంచొచ్చు. వంచకుండా వెళ్ళిపోయినందుకే నేను మూడు మార్కులు వేశాను.

రెండు మాటలు చెప్పాడు, ఇప్పటికీ వాటిమీదే నడుస్తున్నాను. ఒకటి, ఈ రోజు చేసినదానికి వచ్చిన వాపూ నొప్పీ రేపు పొద్దున లేచేసరికి ఎప్పటి స్థాయికి దిగిపోతే సరిపడా చేసినట్టు, దిగకపోతే ఎక్కువైనట్టు. అప్పుడు సగానికి తగ్గించాలి, పూర్తిగా మానేయకూడదు. రెండోది, నిన్నటితో పోల్చుకోవద్దు, పోయిన శుక్రవారంతో పోల్చుకోండి అని. క్యాలెండర్లో శుక్రవారాల అంకెలకి మాత్రం సున్నా చుట్టి చూపించాడు. రోజువారీ అంకెలు పైకీ కిందకీ గంతులేస్తున్నాయి, సున్నా చుట్టినవి మాత్రం నెమ్మదిగా పెరుగుతూనే ఉన్నాయి. ముప్పై ఏళ్ళు పిల్లలకి మార్కుల లిస్టులు రాసిన నాకు ఆ లిస్టు ఇట్టే అర్థమైంది.

రాత్రుల గురించి కూడా రాయాలి, ఎందుకంటే దీని గురించి ఎవరూ ముందు చెప్పరు. పగలు ఎలాగో గడిచిపోతుంది, రాత్రి రెండు మూడు గంటలకి మోకాలు సలుపుతుంటే ఏ పక్కకి తిరిగినా నిద్ర పట్టదు. గట్టి నొప్పి మాత్రలు తగ్గించే రోజులూ అవే, ఆ మాత్రల వల్ల మలబద్ధకం, నోటికి రుచి లేకపోవడం, ఇక మనసు ఎలా ఉంటుంది? కొడుకు డల్లాస్ నుంచి వీడియో కాల్ చేసి, తన ఫ్రెండ్ వాళ్ళమ్మ నెల తిరక్కుండానే కొండ మీదికి అమ్మవారి దర్శనానికి వెళ్ళొచ్చిందని చెప్తాడు, ధైర్యం చెప్తున్నాననుకుని. ఫోన్ పెట్టేశాక, అనవసరంగా ఈ ఆపరేషన్ చేయించుకున్నాను అని మావారి మీద అరిచాను. మర్నాడు ఫిజియోకి ఈ మాట చెప్తే, "ఈ వారాల్లో ఇలా అనని పేషెంటు నాకు ఇంకా తగల్లేదమ్మా" అన్నాడు. కానీ అంతటితో వదల్లేదు, నిద్ర సరిగ్గా లేకపోవడం, దిగులు రెండూ కూడా సర్జన్‌కి చెప్పాల్సిన విషయాలే, చిన్నవని దాచుకోవద్దన్నాడు. చెప్పాం, రాత్రి మాత్ర మార్చారు, కొంత నయమైంది.

ఏది మామూలు, ఏది కాదు అని విడదీసి చెప్పడం కూడా అతని దగ్గరే విన్నాను. మోకాలు నెలల తరబడి వెచ్చగా ఉండటం, నడుస్తుంటే లోపల టిక్కుమని చప్పుడు, కుట్ల పక్కన బయటివైపు చర్మం మొద్దుబారినట్టుండటం, వీటికి భయపడక్కర్లేదు. పిక్క ఒక్కటే వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, ఛాతీలో నొప్పి, జ్వరం, కుట్లలోంచి రసి కారడం, ఎరుపు రోజురోజుకీ పాకడం, వీటిలో ఏది కనిపించినా ఫిజియో కోసం ఎదురు చూడకుండా అప్పటికప్పుడు ఆస్పత్రికి వెళ్ళాలి. రక్తం గడ్డ కట్టకుండా ఇచ్చే మందు "బానే ఉన్నాగా" అని సొంతంగా ఆపకూడదన్నాడు.

ఇక కంపెనీ. నాలుగో వారంలో ఒక పొద్దున వేరే మనిషి గుమ్మంలో నిలబడ్డాడు. ముందు ఫోన్ లేదు, మెసేజ్ లేదు. కాగితాలు చూడలేదు, క్యాలెండర్ వైపు చూడలేదు, గోనియోమీటర్ తేనే లేదు. బోర్లా పడుకోబెట్టి మడమ పట్టుకుని ఒకటే నొక్కుడు. ఆపమంటే, "నొప్పి లేకుండా వంగదు మేడమ్, ఇప్పుడు వంగకపోతే మళ్ళీ మత్తిచ్చి వంచాల్సొస్తుంది" అని బెదిరింపు. మత్తిచ్చి వంచడం అనేది ఉన్నమాట నిజమే, కొన్ని వారాలు గడిచినా మోకాలు బాగా బిగుసుకునే ఉంటే సర్జన్లు అలా చేస్తారు. కానీ అది సర్జన్ చెప్పాల్సిన మాట. కొంత నొప్పి తప్పదు, అది నాకూ తెలుసు, మొదటి అబ్బాయి చేతిలోనూ అమ్మో అయ్యో అన్నాను. అతను నా మొహం చూస్తూ వంచేవాడు, ఇతను గడియారం చూస్తూ వంచాడు. వాపు దిగడానికి వారం పట్టింది.

పోతూ పోతూ ఒక మెషీన్ అంటగట్టబోయాడు. మోటారుతో కాలిని దానంతటదే వంచి చాపుతుంది, సీపీఎం అంటారు, రోజుకింత అని అద్దె. మా సర్జన్‌ని అడిగితే అక్కర్లేదన్నారు. మావాడు నెట్‌లో వెతికి, ఇలాంటి మెషీన్ల మీద జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసిన 2014 నాటి కాక్రేన్ సమీక్ష కూడా, వంపులోగానీ నొప్పిలోగానీ చెప్పుకోదగ్గ తేడా ఏమీ రాదని తేల్చిందని చదివి వినిపించాడు. అద్దె డబ్బులు మిగిలాయి.

కంపెనీకి ఫోన్ చేస్తే, మా థెరపిస్టులంతా క్వాలిఫైడే మేడమ్ అంటారు. మిగిలిన సిట్టింగుల డబ్బు వెనక్కిమ్మంటే ప్యాకేజీకి రీఫండ్ లేదంటారు. ఈ గొడవ నడుస్తుండగానే ఫోన్‌కి మెసేజ్, "మీ సెషన్ ఎలా ఉంది? ఐదు స్టార్లు ఇవ్వండి" అని. ఒళ్ళు మండిపోయింది. చివరికి మావారు మూడు పూటలు వరసగా ఫోన్లు చేస్తే పాత అబ్బాయినే మళ్ళీ పంపారు. ఇది ముందే చేసుంటే కంపెనీకి ఇంకో మార్కు వేసేదాన్ని.

మధ్యలో పథ్యం గోల ఒకటి. మా ఆడపడుచు వచ్చి పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, వంకాయ అసలే వద్దు, కారప్పొడీ నెయ్యీ వేసుకుని తిను అంది. పెద్దావిడ, ఎదురు చెప్పలేం. ఫిజియో అబ్బాయే నవ్వుతూ, "పెద్దమ్మగారూ, కండ పెరగాలంటే పప్పూ గుడ్డే కావాలండీ, కావాలంటే డాక్టరు గారిని అడగండి" అని ఆవిడ చేత సరే అనిపించాడు. ఇలాంటివి ప్యాకేజీలో రాసి ఉండవు.

ఇలాంటి సర్వీసు తీసుకునేవాళ్ళు ఫోన్లోనే అడిగేయండి. అన్నిసార్లూ ఒకే మనిషి వస్తారా, మారితే ముందు చెప్తారా, మొదటిసారి కొలిచి రాస్తారా, మధ్యలో ఆపితే డబ్బు వెనక్కిస్తారా. నాలుగో ప్రశ్నకి నసిగితే ప్యాకేజీ వద్దు, ఒక్కో సిట్టింగ్‌కే ఇవ్వండి, వంద ఎక్కువైనా సరే. దగ్గర్లో మంచి ఫిజియో సెంటర్ ఉండి, ఆటో ఎక్కి దిగగలిగితే నెల తర్వాత అక్కడికే వెళ్ళండి. నాలుగు గోడల మధ్య నుంచి బయటపడి, నాలాంటి మోకాళ్ళవాళ్ళు ఇంకో నలుగురిని చూసేసరికే నాకు సగం దిగులు తీరింది.

ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను, మెట్లు రెయిలింగ్ పట్టుకుని మామూలుగా ఎక్కి దిగుతున్నాను. వంపు 115 దాటింది. కింద కూర్చోవడం, బాసింపట్టు వేయడం లేదు, సర్జన్ వద్దన్నారు, పూజ కూడా కుర్చీలోనే. చలిగా ఉన్న పొద్దునపూట ఇప్పటికీ మోకాలు బిగుస్తుంది, నాలుగడుగులు వేస్తే వదులుతుంది. పూర్తిగా కుదురుకోవడానికి ఏడాది పట్టొచ్చని ముందే చెప్పారు కాబట్టి టెన్షన్ పడటం లేదు.

ఎడమ మోకాలు కూడా మార్పించాల్సిందే అంటున్నారు, వేసవి పోయాక చూస్తాం. అప్పుడూ ఇదే కంపెనీకి ఫోన్ చేస్తాను, ఆ అబ్బాయి ఇంకా అక్కడే పని చేస్తుంటేనే. డబ్బు మాత్రం ఏ రోజుది ఆ రోజే.