విండోస్ 11 వేశాక నడక మర్చిపోయిన ల్యాప్‌టాప్, డాబాగార్డెన్స్ బాబాయ్ రిపేరు

ముందే చెప్తున్నా, షాపు పేరు రాయను. ఆయనే వద్దన్నారు, "ఉన్న పనే తెమలట్లేదమ్మా" అని. విశాఖపట్నం డాబాగార్డెన్స్‌లో మెయిన్‌రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో, మేడ మీద, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి దిగాల్సినంత ఇరుకు మెట్లు. పైన రెండు బల్లలు, పొట్ట విప్పేసిన ల్యాప్‌టాప్‌లు ఓ పది, అరవై దాటిన ఒక బాబాయ్, ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు. రేటింగ్ అంటారా, అయిదుకి నాలుగు. ఆ ఒకటి ఎందుకు కోశానో కింద చెప్తాను.

నేను ఇంట్లోనే కూర్చుని నాలుగు చిన్న షాపులకి ట్యాలీలో లెక్కలు రాస్తాను. ల్యాప్‌టాప్ 2019లో కొన్నది, ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. కాస్త నిదానమే కానీ పని జరిగిపోయేది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి సపోర్టు అయిపోయింది కదా, దీపావళికి ఇంటికొచ్చిన తమ్ముడు "అక్కా, ఇంకా దీని మీదే జీఎస్టీ పాస్‌వర్డులు పెట్టుకుని తిరుగుతున్నావా" అని తిట్టి, ఆ రాత్రే 11కి మార్చి, మర్నాడు సాయంత్రం రైలెక్కేశాడు. అప్‌గ్రేడ్ ఉచితమే, ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి, అంతవరకు బాగుంది.

ఆ తర్వాత మొదలైంది. ఆన్ చేసి టీ పెట్టుకుని, తాగి, గ్లాసు కడుక్కుని వచ్చినా చుక్కలు గుండ్రంగా తిరుగుతూనే ఉండేవి. ట్యాలీ తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు. కొత్తది వేశాక ఒకటి రెండు రోజులు ఫైళ్లన్నిటికీ వెతుక్కోవడానికి ఇండెక్స్ తయారుచేసుకుంటుంది, అప్‌డేట్లు దించుకుంటుంది, ఛార్జర్ పెట్టి వదిలెయ్ అని తమ్ముడు ఫోన్‌లో చెప్పాడు. వదిలేశాను. ఆన్ అవగానే వాటంతటవే లేచే ప్రోగ్రాములు కూడా టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి ఆపేశాను. ఇంతలో మొంథా తుపాను, వానలకి కరెంటు వస్తూ పోతూ, ల్యాప్‌టాప్ సంగతే మర్చిపోయాను. తేరుకుని మళ్లీ పాత 10కే పోదాం అనుకునేసరికి ఆ బటన్ పనిచేయడం మానేసింది. వెనక్కి వెళ్లడానికి పది రోజులే గడువట, తర్వాత పాత విండోస్ ఫోల్డరు దానంతటదే చెరిగిపోతుందట. ఇది మాత్రం అందరూ గుర్తుపెట్టుకోండి, నాకు ఎవరూ చెప్పలేదు.

నవంబరు 11లోపు జీఎస్టీఆర్-1, అంటే అమ్మకాల రిటర్న్, వేయాలి, టెన్షన్‌తో ద్వారకానగర్లో ఏసీ ఉన్న ఒక షాపుకి పరిగెత్తాను. కౌంటర్లో అబ్బాయి మూత తెరిచాడు, రెండు నిమిషాలు చూశాడు, "మేడమ్, ఫార్మాట్ కొట్టాలి, ర్యామ్ వేయాలి, ఒరిజినల్ విండోస్ కీ కొనాలి, మొత్తం 5,500" అన్నాడు. ఏమైందమ్మా దీనికి అంటే మాత్రం "స్లో అయింది మేడమ్" అన్నాడు. ఆ ముక్క నాకూ తెలుసు! పట్టుకుని వచ్చేశాను.

మా వీధిలో జెరాక్స్ షాపాయన చెప్తే బాబాయ్ దగ్గరికెళ్లాను. "ఏటమ్మా, ఏటయింది దీనికి?" అని అడిగి, నేను చెప్పినంతసేపూ స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. ఎప్పుడు మార్చారు, అంతకుముందు ఎలా ఉండేది, డిస్క్‌లో ఎంత ఖాళీ ఉంది, ఏమైనా చప్పుడొస్తోందా. తర్వాత "తెర వెలుతురు తగ్గించగలుగుతున్నావా?" అన్నారు. నిజమే, అప్‌గ్రేడ్ అయ్యాక అది తగ్గట్లేదు, దానికీ స్లో అవడానికీ సంబంధం ఏమిటో నాకు తట్టలేదు. డివైస్ మేనేజర్ తెరిచి చూపించారు, గ్రాఫిక్స్ దగ్గర ఇంటెల్ పేరు ఉండాల్సిన చోట మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఉంది. అంటే తెరకి బొమ్మ పంపే చిప్‌ని నడిపించే అసలు ప్రోగ్రాము, డ్రైవర్ అంటారు, ఎగిరిపోయి, తాత్కాలికంగా ఉండేది కూర్చుంది, బొమ్మ గీసే పని కూడా ప్రాసెసర్ నెత్తిన పడింది. పేజీ కిందికి జరిపితే వెక్కిళ్లు పెట్టినట్టు కదిలేది అందుకే.

కానీ అసలు జబ్బు అది కాదన్నారు. టాస్క్ మేనేజర్‌లో వరసగా చూపించారు, ప్రాసెసర్ 12 శాతం, మెమరీ 60, డిస్క్ మాత్రం 100 దగ్గర నిలబడిపోయింది. "ర్యామ్ ఇంకా ఖాళీ ఉంది, ఎందుకు కొంటావు?" అన్నారు. డిస్క్ 100 అంటే దండిగా పనిచేస్తోందని కాదట. నిజంగా జరుగుతున్నది సెకనుకి 1 ఎంబీ చిల్లర. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంది, చదివే తల ఒక మూల నుంచి ఇంకో మూలకి నడిచి వెళ్లాలి. పెద్ద సినిమా ఫైలైతే వరసగా చదివేసి సెకనుకి 100 ఎంబీ దాకా ఇస్తుంది, వేల చిన్న ఫైళ్లు ఒకేసారి అడిగితే చతికిలపడుతుంది. ఆర్టీసీ కాంప్లెక్స్‌లో బస్సు నిండా ఎక్కేసి అందరూ ఒకేసారి టికెట్ టికెట్ అంటే ఒక్క కండక్టరు ఏం చేస్తాడు, అలాగ. విండోస్ 11 వెనకాల ఇండెక్సింగ్ చేస్తుంది, వైరస్ స్కాన్ చేస్తుంది, అప్‌డేట్లు చూస్తుంది, అన్నీ ఆ కండక్టరు మీదే. పైగా ఆరోగ్యం చూసే ప్రోగ్రాము పెడితే నా డిస్క్ పసుపు రంగు చూపించింది, కొన్ని సెక్టార్లు, అంటే డేటా రాసుకునే గళ్లు, పాడైపోయాయి. విండోస్ మారడం వల్ల పాడవలేదమ్మా, పాడైంది ఇప్పుడు బయటపడింది అన్నారు. ఈ పావుగంట చూపించడానికి రూపాయి అడగలేదు, ఈ రివ్యూ రాస్తున్నది సగం దీనికోసమే.

ల్యాప్‌టాప్‌లో ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేని వేగమైన డిస్క్, పెట్టుకునే చోటు కొన్నప్పటి నుంచీ ఖాళీగానే ఉందట, ఆరేళ్లు నేను చూసుకోలేదు. 500 జీబీది 4,100, కూలి 600. మరి విండోస్ కీ అంటే నవ్వారు. ఒకసారి యాక్టివేట్ అయిన లైసెన్సు మదర్‌బోర్డుకి ముడిపడి ఉంటుంది, డిస్క్ మార్చినా అదే ఎడిషన్ వేస్తే నెట్ తగలగానే తనే గుర్తుపడుతుంది. అలాగే అయింది కూడా. డిస్క్‌ని ఉన్నదున్నట్టు క్లోన్ చేయకుండా ముందు ట్యాలీ డేటా, తర్వాత మిగతా ఫైళ్లు బయటికి తీసి, కొత్తదాంట్లో విండోస్ తాజాగా వేశారు. తీసేముందు నా మైక్రోసాఫ్ట్ అకౌంటు పాస్‌వర్డ్ గుర్తుందా అని రెండుసార్లు అడిగారు, కొన్ని ల్యాప్‌టాప్‌లలో డిస్క్‌కి బిట్‌లాకర్ తాళం పడి ఉంటుంది, ఆ తాళంచెవి అకౌంటులోనే దొరుకుతుంది, అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవడమే. పాత డిస్క్ నుంచి రెండు పెళ్లి వీడియోలు రాలేదు. దాచకుండా చెప్పారు.

ఇప్పుడు ఆ కోసిన ఒకటి. మర్నాడు సాయంత్రం ఇస్తానన్నారు, మూడో రోజు రాత్రి ఇచ్చారు, మధ్యలో ఫోన్ ఎత్తలేదు. బిల్లు లేదు, ఎస్ఎస్‌డీ వారంటీ కోసం డబ్బా, కొన్న రసీదు గట్టిగా అడిగితే ఇచ్చారు. నన్ను అడక్కుండా ఫ్యాన్ శుభ్రం చేసి, ప్రాసెసర్ వేడి బయటికి లాగే థర్మల్ పేస్ట్ వేసి 350 కలిపారు. "పెదవాల్తేరా ఇల్లు? చూడు" అని తుప్పు పట్టిన స్క్రూలు చూపించారు, సముద్రం గాలికి లోపల అలా అవుతుందట. పని అవసరమే కావచ్చు, ముందు ఒక మాట అడగాలి కదా. మొత్తం 5,050 అయింది, ఏసీ షాపు చెప్పినదానికి పెద్దగా తక్కువేం కాదు. కాకపోతే అక్కడ ఫార్మాట్ కొట్టి అదే చచ్చిపోతున్న డిస్క్ తిరిగి చేతిలో పెట్టేవాళ్లు.

ఇప్పుడు ఆన్ చేస్తే పదిహేను సెకన్లు, ట్యాలీ నొక్కగానే తెరుచుకుంటోంది, 10వ తేదీకే రిటర్న్ వేసేశాను. వేలిముద్ర డ్రైవర్ ఒక్కటి మర్చిపోయారు, దానికోసం శనివారం మళ్లీ ఎక్కాలి ఆ మెట్లు. మా చెల్లిది కూడా అదే కాలం నాటి హార్డ్ డిస్క్ ల్యాప్‌టాప్, ఇంకా 10 మీదే ఉంది. ఫోన్ చేసి అడిగితే బాబాయ్, "దాన్ని ముందు కదపకు, రిజిస్టర్ చేసుకుంటే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి, డిస్క్ చూశాకే మిగతాది" అన్నారు. దాన్ని కూడా శనివారమే పట్టుకెళ్తున్నాను. బిల్లు మాత్రం ఈసారి ముందే అడుగుతాను.