బబుల్ టీలో పాలెక్కడున్నాయి? వైజాగ్‌లో మూడు రోజులు

మా అక్క కూతురు టెన్త్ పరీక్షలు రాసింది. ఏం కావాలే అని అడిగితే "పిన్నీ, వైజాగ్ తీసుకెళ్లు. బీచ్, బబుల్ టీ, అంతే" అంది. నేను పాలు, పెరుగు, నెయ్యి, తేనె మానేసి నాలుగేళ్లయింది. మా అమ్మమ్మగారింట్లో ఆవు ఈనినప్పుడల్లా కోడెదూడను తల్లికి అందనంత దూరంలో కట్టేసేవారు. రాత్రంతా రెండూ ఒకదాన్నొకటి పిలుచుకునేవి. ఆ అరుపు నా చెవుల్లోంచి పోలేదు. అక్క కూతురు కూడా ఏడాదిగా నాతోపాటే వీగన్. ఎవరూ బలవంతపెట్టలేదు, తనే అడిగి తెలుసుకుని మానేసింది. దానికున్న బెంగల్లా ఒక్కటే, ఫ్రెండ్స్ అందరూ తాగే బబుల్ టీ (అడుగున మెత్తటి గోలీలు వేసి, లావు స్ట్రాతో తాగే టీ) తను తాగొచ్చా అని.

రాజమండ్రిలో రత్నాచల్ ఎక్కాం. సామర్లకోట వచ్చేసరికి సగం జవాబు అక్కడే చెప్పేశాను. సామర్లకోట, పెద్దాపురం చుట్టుపక్కలంతా సగ్గుబియ్యం మిల్లులే. కర్రపెండలం దుంప చెక్కు తీసి, నూరి, వడకట్టి, అడుక్కి తేరుకున్న పిండిని పూసల్లా చేసి కాల్చి ఆరబెడితే సగ్గుబియ్యం. బబుల్ టీ అడుగున నల్లగా కనిపించే గోలీలదీ అదే దుంప పిండి. తైవాన్‌లో 1980ల్లో ఈ టీ మొదలైంది. తైచుంగ్‌లోని చున్ షుయ్ టాంగ్, తైనాన్‌లోని హాన్‌లిన్ అనే రెండు టీ దుకాణాలూ "మేమే ముందు" అంటాయి. పిండిలో మరిగే చక్కెర నీళ్లు పోసి ముద్ద చేసి, గోలీలు చుట్టి ఉడికించి, మళ్లీ పాకంలో వేస్తారు. అందులో జంతువుల నుంచి వచ్చేదేమీ లేదు. "అయితే తాగొచ్చన్నమాటే!" అంది. గోలీ వరకూ సరే, మిగతాది కొట్లో చూద్దాం అన్నాను.

మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఒక హోటల్లో దిగాం. గది శుభ్రంగా ఉంది, ఏసీ బాగా పనిచేసింది, బస్సులూ ఆటోలూ గుమ్మం ముందే. కానీ బుకింగ్ పేజీలో "వీగన్ బ్రేక్‌ఫాస్ట్" అని చూసి తీసుకున్న హోటల్ అది. పొద్దున్న ఉప్మా గిన్నె మూత తీయగానే నెయ్యి వాసన. రిసెప్షన్‌లో అడిగితే "ప్యూర్ వెజ్ మేడమ్, గుడ్డు కూడా ఉండదు" అన్నాడు పాపం, మంచిగానే. మన దగ్గర వచ్చే చిక్కే ఇది. ప్యూర్ వెజ్ అంటే పాలు, నెయ్యి ఉన్నట్టే లెక్క. చివరికి ఇడ్లీ, అల్లం చట్నీతో సర్దుకున్నాం.

ఇక అసలు విషయం. మొదటి సాయంత్రం సిరిపురం జంక్షన్ వైపు ఒక బబుల్ టీ షాపుకి వెళ్లాం. కౌంటర్ దగ్గర ఇరవై ఏళ్లుండవు ఆ అబ్బాయికి.

"బాబూ, పాలు లేకుండా ఏం ఉన్నాయి?"

"మా దగ్గర అసలు పాలే వాడం ఆంటీ. అన్నీ పౌడరే."

మా పిల్ల మొహం వెలిగిపోయింది. ఆ పౌడర్ ప్యాకెట్ ఒకసారి చూపిస్తావా అన్నాను. వెనక్కి వెళ్లి, క్లిప్పు పెట్టిన పెద్ద వెండి రంగు సంచి తెచ్చాడు. ముందువైపు "నాన్ డెయిరీ క్రీమర్" (అంటే పాలు లేని పొడి అనే అర్థం) అని పెద్దక్షరాలు, పక్కన ఆకుపచ్చ చుక్క. వెనక్కి తిప్పి, పొడి అంటిన చోట బొటనవేలితో తుడిచి, ఫోన్ లైటు వేసి పట్టుకున్నాడు. గ్లూకోజ్ సిరప్, వెజిటబుల్ ఆయిల్, ఆ తర్వాత సోడియం కేసినేట్. దాని కింద చిన్న అక్షరాల్లో "కంటెయిన్స్ మిల్క్". పాలు విరిగితే ముద్దకట్టేది కేసిన్ అనే ప్రోటీనే. దాని నుంచి తీసినదే సోడియం కేసినేట్. టీకి చిక్కదనం రావడానికి ఇలాంటి క్రీమర్లలో చాలా వాటికి దాన్ని కలుపుతారు. ఆకుపచ్చ చుక్క శాకాహారం అని మాత్రమే చెబుతుంది, పాలున్నా ఆ చుక్క ఉంటుంది. వీగన్‌కి మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో వేరే నిబంధనలు తెచ్చింది, దాని గుర్తు ఆకుపచ్చ ఇంగ్లిష్ వి (V) అక్షరం.

"నాకెవరూ చెప్పలేదు ఆంటీ. రోజూ ఎంతమందికో పాలు లేవనే చెబుతున్నాను" అన్నాడు. ఆ మాటలో నిజాయితీ నాకు నచ్చింది. టారో (చేమదుంప రుచి), చాక్లెట్ పౌడర్ల ప్యాకెట్లు కూడా తనే తెచ్చి చదివాడు. రెండింట్లోనూ పాలపొడి ఉంది. చివరికి పౌడర్ లేని లీచీ బ్లాక్ టీ, అందులో గోలీలు వేసి ఇచ్చాడు. 160 రూపాయలు. తీపి ఎక్కువైనా గోలీలు మెత్తగా, సాగుతూ బాగున్నాయి. సర్వీసుకి మాత్రం ఆ అబ్బాయికి పూర్తి మార్కులు.

రెండో షాపు ఒక మాల్‌లో. మెనూలో ఆకు బొమ్మ వేసి వీగన్ అని రాశారు, ఓట్ మిల్క్‌కి 60 రూపాయలు అదనం. ఇక్కడ నిశ్చింతగా తాగొచ్చు అనుకున్నాం. నేను డబ్బులిస్తుంటే పిల్ల నా చెయ్యి పట్టి లాగింది. గోలీల గిన్నె పక్కన తేనె సీసా ఉంది. అడిగితే "గోలీలు అంటుకోకుండా, మెరవడానికి వేస్తాం, అన్నిటికీ అదే" అన్నారు. ఆకు బొమ్మ వేసిన కప్పులోనూ అవే గోలీలు. పైగా పాల డ్రింకు కలిపిన షేకర్‌నే కడగకుండా మళ్లీ వాడుతున్నారు. మేనేజర్‌ని పిలిస్తే తేనె కూడా సహజమే కదా అని వాదించాడు. సహజం కాదని నేననలేదు. తేనె తేనెటీగలది, వీగన్ అని రాసి డబ్బులు తీసుకున్నప్పుడు అది వేయకూడదు అన్నాను. డబ్బులు వెనక్కిచ్చారు కానీ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఏసీ, సోఫాలు, రంగు లైట్లు అన్నీ ఉన్నా ఆ షాపుకి మళ్లీ వెళ్లను.

గోలీలు కాక పైన వేసేవాటి గురించి కూడా చెప్పాలి. కొరికితే రసం చిందే రంగు ముత్యాల పైపొర సముద్రపు నాచు నుంచి తీసిన ఆల్జినేట్‌తో చేస్తారు, సాధారణంగా ఇబ్బంది లేదు. కొబ్బరి జెల్లీ కొబ్బరి నీళ్లు పులియబెట్టి చేసేది, అదీ మంచిదే. మిగతా జెల్లీల్లో సముద్రపు నాచు నుంచే తీసే అగర్ వాడారా జెలటిన్ వాడారా అని తప్పక అడగాలి, జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది. పుడ్డింగ్‌లో గుడ్డో పాలో ఉంటాయి. చీజ్ ఫోమ్ సంగతి పేరే చెబుతోంది.

రెండో రోజు కురుసుర సబ్‌మెరైన్, కైలాసగిరి రోప్‌వే చూశాం. రెండూ బాగున్నాయి, ఎండలో క్యూ మాత్రం కష్టం. బీచ్‌లో మురీ మిక్చర్, నిప్పుల మీద కాల్చిన మొక్కజొన్న పొత్తు మనకు ఏ టెన్షనూ లేని తిండి, పొత్తుకి వెన్న వద్దని ముందే చెబితే చాలు. ఒకటి మాత్రం బాధ కలిగించింది. ఆర్కే బీచ్ ఇసుకలో బబుల్ టీ కప్పులు, లావు స్ట్రాలు. ఈ తీరానికి ఏటా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. పాలు మానేసి ఆ ప్లాస్టిక్ ఇసుకలో వదిలేస్తే ఎలా? అప్పటి నుంచి మా స్టీలు గ్లాసులు బ్యాగులో పెట్టుకునే తిరిగాం.

ఆ గ్లాసుల్లో తాగిన టీయే ఈ ప్రయాణంలో నాకు బాగా గుర్తుండిపోయేది. లాసన్స్ బే వైపు చిన్న కొట్టు, కూర్చోవడానికి నాలుగు స్టూళ్లు. నడిపే అమ్మాయి గోలీలు తనే ఉడికిస్తుంది. అరగంట ఉడికించి, ఇంకో అరగంట మూతపెట్టి ఉంచి బెల్లం పాకంలో వేస్తుంది, మూడు నాలుగు గంటలు దాటితే లోపల గట్టిపడతాయని పారేస్తుంది. "బెల్లం మన అనకాపల్లిదేనండి" అంది. పాలకు బదులు అప్పుడే తీసిన కొబ్బరిపాలు. మా గ్లాసులు కాదనకుండా తీసుకుంది, షేకర్ మా ముందే కడిగింది. 120 రూపాయలు. టీ కాస్త పల్చగా ఉంది, కొబ్బరి వాసన ముందుకొస్తుంది, అది నచ్చనివాళ్లూ ఉంటారు. నాకైతే మా అమ్మ చేసే సగ్గుబియ్యం పాయసం గుర్తొచ్చింది.

చివరి రెండు రాత్రులు రుషికొండ దగ్గర హోమ్‌స్టేలో ఉన్నాం. ఫ్యాను పెద్ద చప్పుడు, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చుకోవాలి, ఊళ్లోకి ఆటో ఖర్చు ఎక్కువ. అయినా మళ్లీ అక్కడే దిగుతాను. నెయ్యి వద్దు పిన్నిగారూ అనగానే ఆ ఇంటావిడ పోపుగరిటె కూడా వేరే తీశారు. కొబ్బరిపాల టీ సంగతి మా పిల్ల చెబితే ఆవిడకి ఆసక్తి పుట్టి, లావు సగ్గుబియ్యం తెప్పించి మాతో పాటు పొయ్యి దగ్గర నిలబడ్డారు. మొదటి గిన్నె అంతా కలిసిపోయి జావ అయింది. రెండోసారి మరిగే నీళ్లలో కొంచెం కొంచెంగా వేసి, మధ్యలో తెల్ల చుక్క ఉండగానే దించి చన్నీళ్లలో వేస్తే పూసలు విడివిడిగా నిలిచాయి. షాపు గోలీలా సాగదు, మెత్తగా జారిపోతుంది. బెల్లం పాకం, డికాక్షన్, కొబ్బరిపాలు పోసి మూడు గ్లాసులు నింపారు. లావు స్ట్రా లేదు కాబట్టి చెంచాలతో తిన్నాం. పిల్ల గ్లాసు అడుగు గీకుతుంటే "ఇంకో గరిటె పొయ్యనా అమ్మా?" అన్నారు ఆవిడ.