తొమ్మిదేళ్ల డెస్క్‌టాప్, నన్ను ఏడిపించిన ఒక్క సెట్టింగ్

ఈ మదర్‌బోర్డుతో నాది తొమ్మిదేళ్ల కాపురం. కంపెనీ పేరు అనవసరం. ఇన్నేళ్లలో ర్యామ్ పెంచాను, విండోస్ 7 నుంచి 10కి వచ్చాను, ఎస్‌ఎస్‌డీ (హార్డ్‌డిస్క్ కంటే వేగమైన డిస్క్) పెట్టాను. బోర్డు కిక్కురుమనలేదు. ఏడిపించిందల్లా బయోస్‌లోని (విండోస్ కంటే ముందు నడిచే, బోర్డు సొంత ప్రోగ్రాం) శాటా మోడ్. అంటే, డిస్కులతో బోర్డు ఏ పద్ధతిలో మాట్లాడాలో చెప్పే సెట్టింగ్.

ఫ్యాక్టరీ నుంచే అది ఐడీఈ అనే పాత పద్ధతిలో వచ్చింది. తెలియక అలాగే విండోస్ వేసుకున్నాను. ఎస్‌ఎస్‌డీ పెట్టాక పెద్ద ఫైళ్లు బాగానే కాపీ అయ్యేవి గానీ, నాలుగు ప్రోగ్రాములు ఒకేసారి తెరిస్తే నత్తనడకే. ఐడీఈలో డ్రైవ్‌కు పనులు ఒకదాని తర్వాత ఒకటిగా వెళ్తాయి. ఏహెచ్‌సీఐ అనే కొత్త పద్ధతిలో అయితే 32 దాకా వరసలో పెట్టుకుని, వీలైన క్రమంలో డ్రైవే చేసుకుంటుంది. ఈ సంగతి తెలిశాక ఆగుతానా? మోడ్ మార్చి సేవ్ కొట్టాను. విండోస్ లోగో వచ్చీ రాగానే నీలి తెర: 'ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్'.

డేటా మొత్తం పోయిందని ఒకటే టెన్షన్. ఏమీ పోలేదు. తిరిగి ఐడీఈకి మార్చగానే మామూలుగా బూటయింది. ఐడీఈలో ఇన్‌స్టాలైన విండోస్ బూట్ సమయంలో ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ను (ఆ పద్ధతిలో డిస్కుతో మాట్లాడించే చిన్న ప్రోగ్రాం) లోడ్ చేయదు. ఇక తానున్న డిస్కే తనకు కనబడదు.

అడిగినవాళ్లంతా ఫార్మాట్ చేయమన్నారు. అక్కర్లేదు. విండోస్‌లోని ఎంఎస్‌కాన్ఫిగ్ అనే సెట్టింగుల టూల్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్‌కు (అత్యవసరమైన వాటితోనే విండోస్ తెరుచుకునే సేఫ్ మోడ్) టిక్ పెట్టి రీస్టార్ట్ చేశాను. విండోస్ లోడయ్యేలోపే బయోస్‌లోకి వెళ్లి ఏహెచ్‌సీఐ పెట్టాను. సేఫ్ మోడ్‌లో డ్రైవర్ దానంతటదే కుదురుకుంది. టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్, అంతే. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు కాబట్టి అసలు పాస్‌వర్డ్ గుర్తుండాలి. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ సదుపాయం) ఉన్నవాళ్లు ముందే దాన్ని సస్పెండ్ చేసి, రికవరీ కీ దగ్గర పెట్టుకోండి.

ఏడో ఏట మళ్లీ మొదలు. ఈసారి నేను దేన్నీ ముట్టుకోలేదు. ఒకరోజు ఆన్ చేస్తే బూట్ డివైస్ లేదంది. బయోస్‌లో చూస్తే బూట్ ఆర్డర్‌లో పాత హార్డ్‌డిస్క్ ముందుకొచ్చి కూర్చుంది. ఎస్‌ఎస్‌డీని పైకి తెస్తే మళ్లీ అదే నీలి తెర. కేబుల్ మార్చాను, పోర్టు మార్చాను, ఎస్‌ఎస్‌డీ పోయిందనుకుని కొత్తదానికి ఆర్డర్ కూడా పెట్టేశాను. చివరికి బయోస్ తెర మూలన తేదీ మీద కన్నుపడింది. ఏళ్ల వెనక్కి వెళ్లిపోయింది! తేదీని, బయోస్ సెట్టింగులను నిలిపి ఉంచే, బోర్డు మీది సీఆర్ 2032 బిళ్ల బ్యాటరీ అయిపోయి, సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి, అంటే ఐడీఈకి, చేరాయి. బ్యాటరీ మార్చి, ఏహెచ్‌సీఐ పెట్టి, తేదీ సరిచేస్తే లేచి కూర్చుంది.

తొందరపడి కొన్న ఎస్‌ఎస్‌డీలో ఇప్పుడు బ్యాకప్‌లు ఉంటున్నాయి. బయోస్ పేజీల ఫొటోలు ఫోన్‌లో ఉన్నాయి. బోర్డుకు ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ ఒక్కటీ కోసింది ఐడీఈని డిఫాల్ట్‌గా పెట్టినందుకే.