మధ్యలో దిగనక్కరలేని విమానం: ఎయిర్ ఇండియాతో మా పన్నెండేళ్లు

అమలాపురం దగ్గర కొబ్బరితోట మాది. అమ్మాయి షికాగోలో ఉంటుంది. 2013 నుంచి ఆరుసార్లు వెళ్లివచ్చాము, ఒక్కసారి తప్ప ప్రతిసారీ ఎయిర్ ఇండియాలోనే. సీటు వెడల్పు, సామాను బరువు వంటివి అందరికీ తెలిసినవే కనుక వాటి జోలికి వెళ్లను. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ఢిల్లీలో ఎక్కితే షికాగోలోనే దిగడం. మా ఆవిడకు ఇరవై ఏళ్లుగా చక్కెర జబ్బు, పైగా రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మా ఇంటి వరకు దీన్ని మించిన సౌకర్యం మరొకటి లేదు.

దాని విలువ 2018లో, దాన్ని కాదనుకున్నప్పుడు తెలిసింది. టికెట్టుకు పద్దెనిమిది వేలు తగ్గుతుందని, మధ్యలో విమానం మారే ఒక విదేశీ సంస్థలో వెళ్లాము. విమానం కొత్తది, సిబ్బంది మర్యాదగా ఉన్నారు. మారవలసిన చోట చక్రాల కుర్చీ తోసే అబ్బాయి మమ్మల్ని ఒక మూల కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. భోజనం వేళ అయిందని ఆవిడ ఇన్సులిన్ వేసుకుంది. నేను పులిహోర డబ్బా మూత తీస్తున్నాను. ఇంతలో ఇంకో అబ్బాయి పరుగున వచ్చి, గేటు మారిందంటూ కుర్చీని తోసుకుపోయాడు. మళ్లీ తనిఖీ వరుస. డబ్బాతో సహా సంచులన్నీ బెల్టు మీద ముందుకు వెళ్లిపోయాయి. మేము ఇవతలే ఉండిపోయాము, వరుస కదలదు. చూస్తూ ఉండగానే ఆవిడ నుదుటి మీద చెమట పట్టింది. చెయ్యి పట్టుకుంటే మంచులా ఉంది, వేళ్లు వణుకుతున్నాయి. ఏమైందని అడిగితే మాట ముద్దగా వచ్చింది. ఇన్సులిన్ వేసుకుని తినకపోవడంతో రక్తంలో చక్కెర పడిపోయిందన్నమాట. ఎవరేమనుకున్నా సరే అని వరుస దాటుకుని అవతలికి వెళ్లి, సంచిలో ముందుగా చేతికి తగిలిన తాపేశ్వరం కాజా పొట్లం చింపి, పాకం కారుతున్న ముక్కను ఆవిడ నోట్లో పెట్టాను. మనవడి కోసం తెచ్చిన కాజా అది. పావుగంటకు గాని కళ్లు తేటపడలేదు. విమానం అందింది. అయినా ఆ పద్దెనిమిది వేలు తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఆ తరువాతి ప్రయాణం 2021 ఫిబ్రవరిలో, అమ్మాయి రెండో కాన్పుకు. అంతకు ముందు నెలలోనే ఎయిర్ ఇండియా హైదరాబాదు నుంచి నేరుగా షికాగోకు వారానికి ఒక విమానం మొదలుపెట్టింది. కారులో సిద్ధాంతం వంతెన మీద వశిష్ఠ గోదావరి దాటాము. శంషాబాదులో ఎక్కితే మళ్లీ దిగింది అమ్మాయి ఊళ్లోనే. కరోనా రోజులు కావడంతో సిబ్బంది అందరూ నిలువెల్లా గౌన్లు, ముఖాలకు కవచాలు తొడుక్కుని ఉన్నారు. టికెట్టులో చక్కెర రోగుల భోజనం అని రాయించాను. ఎక్కి కూర్చున్న పది నిమిషాలకే ఒక అమ్మాయి వచ్చి వంగి, తెలుగులో, "అమ్మా, ఇన్సులిన్ ఏ వేళకు వేసుకుంటారు? పళ్లెం మీ ముందు పెట్టాకే వేసుకోండి, బండి మీ వరుస దాకా రావడానికి చాలాసేపు పడుతుంది" అంది. బండి కదలక ముందే పళ్లెం తెచ్చి పెట్టింది. ఒక్కసారి కాదు, ప్రతి భోజనానికీ అంతే. దీపాలు ఆర్పాక, రాత్రి అవసరపడుతుందేమోనని కాగితంలో చుట్టిన రొట్టె ఒకటి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లింది. ఆ పిల్ల ముఖమైనా మేము చూడలేదు. మా ఆవిడ ఇప్పటికీ గొంతునే గుర్తు చేసుకుంటుంది.

ఆ హైదరాబాదు విమానం ఎక్కువ కాలం నిలవలేదు. ఆగిపోయిందని తెలిసి నిజంగా బాధపడ్డాను, కాని కారణం ఊహించగలను. పదిహేను, పదహారు గంటలు ఆగకుండా వెళ్లాలంటే ఇంధనమే కొండంత బరువు. ఆ ఇంధనాన్ని మోయడానికే మళ్లీ ఇంధనం కావాలి. ఎమిరేట్స్, ఖతార్ ఎయిర్‌వేస్ వంటివి ఊరూరి నుంచీ జనాన్ని తమ నగరానికి చేర్చి, అక్కడి నుంచి లోకమంతటికీ పంచుతాయి. వాటి సీట్లు నింపడానికి వంద ఊళ్లు ఉంటాయి. 1932లో జె.ఆర్.డి. టాటా కరాచీ నుంచి బొంబాయికి ఉత్తరాలు మోసిన విమానంతో పుట్టిన సంస్థ మనది. ఎమిరేట్స్ 1985లో అద్దె విమానాలతో మొదలైంది. ఎవరు ఎక్కడున్నారో చూస్తే కడుపు తరుక్కుపోతుంది. 2007లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌ను కలిపాక నష్టాలు, అప్పులు పెరుగుతూ పోయాయి. చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం చేతిలోంచి మళ్లీ టాటాల చేతికే వచ్చింది.

పైన అంత మెచ్చుకున్నాను గాని, అందరికీ ఇదే చెప్పలేను. లోపలి సీట్లు, తెరలు పాతబడ్డాయనే కదా, వాటిని మార్చడానికి సంస్థే 2022 చివరలో 40 కోట్ల డాలర్లు ప్రకటించింది. నేను మెచ్చిన ఆ ఒక్క గుణానికీ ఇప్పుడు దెబ్బ తగిలింది. 2025 ఏప్రిల్ నుంచి పాకిస్తాన్ గగనతలం మన విమానాలకు మూసేశారు. విదేశీ సంస్థలకు ఆ అడ్డు లేదు. మనవి చుట్టూ తిరిగి వెళ్లాలి, కొన్ని యూరప్‌లో ఇంధనానికి ఆగవలసి వచ్చింది. 2025 సెప్టెంబరులో ఢిల్లీ–వాషింగ్టన్ విమానాన్నే ఆపేశారు.

కాళ్లలో సత్తువ ఉండి, ఇంగ్లిషు, పరుగు రెండూ వచ్చిన చదువుకునే పిల్లలు టికెట్టు ఎక్కడ చౌకైతే అక్కడే కొనుక్కోవచ్చు. మా అల్లుడు అలాగే చేస్తాడు, నేను తప్పుపట్టను. మేము మాత్రం వచ్చే వేసవికి ఢిల్లీ మీదుగా ఎయిర్ ఇండియానే తీసుకుందామనుకుంటున్నాము. దారిలో ఇంధనానికి ఆగినా ఆవిడ సీటులోంచి లేవనక్కరలేదని రూఢి చేసుకున్నాకే డబ్బు కడతాను.