అడవి క్యాంప్ రివ్యూ: నిప్పు క్లాస్ సూపర్, దిక్కుల క్లాస్ సోసో

ఫోన్లు పక్కన పెట్టించి నిప్పు రాజేయడం, కొమ్మలతో నీడ కట్టుకోవడం, దిక్కులు కనుక్కోవడం నేర్పే వారాంతపు క్యాంప్ ఇది. ఇచ్చిన డబ్బుకి నిప్పు క్లాస్ ఒక్కటి చాలు.

తలా ఒక ఫెర్రో రాడ్ ఇచ్చారు. ఇనుము, సీరియం లాంటి లోహాలు కలిపి చేసిన కడ్డీ, 1903లో ఆస్ట్రియా శాస్త్రవేత్త కార్ల్ ఆవర్ ఫాన్ వెల్స్‌బాక్ పేటెంట్ తీసుకున్న మిశ్రమం, లైటర్‌లో ఉండే చిన్న రాయి కూడా ఇదే. రవ్వల వేడి దాదాపు 3,000 డిగ్రీల సెల్సియస్, తడిసినా తుడిచి గీస్తే పనిచేస్తుంది. కొత్త రాడ్ మీద నల్ల పూత ఉంటుంది, ముందు అది గీకేయాలి, లేకపోతే రవ్వలు సరిగ్గా రావు (ఈ ముక్క ప్యాకెట్ మీద రాస్తే వాళ్ల సొమ్మేం పోయిందో!). ఇంకో కిటుకు, గీకే రేకుని కదపకుండా పట్టుకుని రాడ్‌నే వెనక్కి లాగాలి, అప్పుడు పేర్చిన ఎండు పీచు చెదరదు. పుల్ల విరిస్తే టప్పుమనాలి, వంగిందంటే లోపల ఇంకా పచ్చి ఉన్నట్టే, పక్కన పడేయమన్నారు.

నీడ కట్టడం బాగానే ఉంది. దిక్కులే తేలిపోయింది. కర్ర పాతి, నీడ కొసకి గుర్తు పెట్టి, కాసేపాగి మళ్లీ పెట్టి, రెండూ కలిపితే తూర్పు పడమరలని చెప్పారు గానీ, పొద్దున్నే, సాయంత్రం చేస్తే ఆ గీత బాగా పక్కకి పోవచ్చని చెప్పనే లేదు. పైగా గ్రూప్ పెద్దది, వెనక నిలబడితే ఒక్క మాట వినపడదు. పిల్లలతో వెళ్లేవాళ్లు ఫస్ట్ ఎయిడ్ ఎవరు చూస్తారో బుక్ చేసే ముందే అడగండి.