రేనియం-188 అల్బుమిన్ గోళాలు: ఏళ్లుగా తయారు చేస్తున్న చేతుల అనుభవం

కాలేయ కణితికి రక్తం తెచ్చే ధమనిలోకి సన్నని గొట్టం (కాథెటర్) ద్వారా పంపి, లోపలి నుంచే రేడియేషన్ ఇచ్చే ఈ గోళాలు సిరంజి అడుగున పేరుకుపోవు. వీటిపై నా అభిమానానికి మొదటి కారణం అదే. ఇదే పనికి వాడే యిట్రియం గాజు గోళాల సాంద్రత నీటికి మూడు రెట్లకు పైనే, కదిలించడం ఆపగానే కిందికి దిగిపోతాయి. అల్బుమిన్ ప్రొటీన్ కనుక నీటి సాంద్రతకు దగ్గరగా ఉంటుంది. వయల్‌ను నెమ్మదిగా తలకిందులు చేసి తిప్పితే చాలు, తెల్లని ద్రవం చాలాసేపు ఒకే తీరుగా ఉంటుంది. కాథెటర్ దగ్గర నిలబడ్డ రేడియాలజిస్టు మధ్యలో ఆగి, రక్తప్రవాహం ఎలా ఉందో చూసుకుని, తొందరపడకుండా మిగతా మోతాదు ఇవ్వగలరు. యిట్రియం వాడిన చేతులకు ఈ వెసులుబాటు విలువ తెలుసు. కణితికి ధమని దారినే ఎందుకు ఎంచుకుంటారో కూడా వారికి తెలుసు, కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను.

అయితే గాజు గోళాలు సిద్ధంగా వస్తాయి. వీటికి రేడియోధార్మికతను మనమే అంటించాలి. టంగ్‌స్టన్-188 నుంచి రేనియం-188 పుడుతూ ఉండే పరికరమే జనరేటర్. దాని నుంచి సెలైన్‌తో తీసిన పెర్రేనేట్‌ను (రేనియం కరిగి ఉండే రూపాన్ని) గోళాలు, స్టానస్ క్లోరైడ్ (తగరపు లవణం), జెంటిసిక్ ఆమ్లం ఉన్న వయల్‌లో కలిపి, దాదాపు 95 డిగ్రీల దగ్గర గంటసేపు ఉంచాలి. స్కాన్‌లకు వాడే రేడియోధార్మిక మూలకం టెక్నీషియంతో పనిచేసేవారికి ఈ వేడి విడ్డూరంగా అనిపిస్తుంది, ఎందుకంటే అక్కడ గది ఉష్ణోగ్రతలో కొన్ని నిమిషాలు చాలు. రేనియం అంత తేలిగ్గా క్షయకరణం చెందదు, అంటే ఎలక్ట్రాన్లు తీసుకుని గోళాలకు అంటుకునే రూపంలోకి మారదు. తగరం ఎక్కువ కావాలి, ఆమ్లత్వం కావాలి, వేడి కావాలి. ఈ మూడింటిలో ఒకటి తగ్గినా పని చెడుతుంది.

అది చెడిన రోజును మరిచిపోలేను. జనరేటర్‌లోని టంగ్‌స్టన్-188 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) సుమారు 69 రోజులు. జనరేటర్ నెలలు గడిచి బలహీనపడ్డాక, అదే మోతాదు రావాలంటే ఎక్కువ సెలైన్ పోయక తప్పదు. ఆ ఉదయం కూడా పోశాం. మా రాతపూర్వక పద్ధతిలో ద్రవం పరిమాణానికి గరిష్ఠ హద్దు ఏదీ లేదు. వేడి పూర్తయ్యాక సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి, అడుగున చేరిన గోళాలను, పైన తేరిన ద్రవాన్ని విడివిడిగా కొలిచాం. మామూలుగా తొంభై శాతానికి పైగా గోళాలతోనే ఉండేది. ఆరోజు సగానికి కాస్త ఎక్కువ మాత్రమే ఉంది. ద్రవం పెరిగి తగరం పలచబడింది, ఆమ్లత్వం తగ్గింది. మిగిలిన రేనియం అంతా ఏ గోళాన్నీ పట్టుకోకుండా నీటిలోనే ఉండిపోయింది. దాన్ని అలాగే ఇస్తే కాలేయానికి బదులు థైరాయిడ్‌కు, జీర్ణాశయానికి పోతుంది. మళ్లీ వేడిచేశాం. కొంచెం మెరుగుపడింది కానీ సూక్ష్మదర్శినిలో గోళాలు గుంపులు కట్టి కనిపించాయి. రేనియం-188 అర్ధాయువు 17 గంటలే, ప్రతి గంటకూ నాలుగు శాతం తరిగిపోతోంది. చివరికి చికిత్స వాయిదా వేయాల్సి వచ్చింది. రాత్రి నుంచి ఏమీ తినకుండా ఎదురుచూస్తున్న మనిషికి ఆ మాట చెప్పినప్పుడు ఆయన ముఖంలో కనిపించిన నిరాశ నన్ను చాలాకాలం బాధపెట్టింది.

ఇప్పుడు జనరేటర్ పాతబడగానే ద్రవాన్ని చిక్కబరుస్తున్నాం. వెండి అయాన్లున్న కార్ట్రిడ్జి (చిన్న వడపోత గొట్టం) సెలైన్‌లోని క్లోరైడ్‌ను పట్టేస్తుంది, తర్వాతి అయాన్ మార్పిడి కార్ట్రిడ్జి పెర్రేనేట్‌ను ఆపుతుంది, కొద్ది సెలైన్‌తో దాన్ని మళ్లీ బయటికి తీస్తాం. ఫలితం నిలకడగా ఉంది. కాకపోతే చేతులకు ఇంకో పని పెరిగింది. 2.12 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల బీటా కిరణాల ముందు ప్రతి అదనపు పనీ వేళ్లకు అదనపు మోతాదే. వయల్ చుట్టూ ముందు యాక్రిలిక్, దాని బయట సీసం పెట్టినా, వేళ్లకు తగిలే రేడియేషన్‌ను కొలిచే ఉంగరపు డోసిమీటరు లెక్కలు యిట్రియం రోజుల కంటే ఎక్కువగానే వస్తున్నాయి. ఈ ఫిర్యాదు నాకు ఇంకా తీరలేదు.

పేరుకుపోవన్న మాటకూ ఒక షరతు ఉంది. కడిగాక కొద్దిగా ట్వీన్ 80 (గోళాలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆపే సబ్బులాంటి పదార్థం) కలిపిన సెలైన్‌లో ఉంచాలి, ఎక్కువసేపు నిలవ ఉంచకూడదు. లేకపోతే ఇవీ ముద్దకడతాయి.

అనుకోని ఆనందం ఇచ్చింది మాత్రం 155 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల గామా కిరణం. టెక్నీషియం కిరణానికి దగ్గరే కనుక మామూలు గామా కెమెరాతోనే చికిత్స తర్వాత గోళాలు ఎక్కడ నిలిచాయో చూడవచ్చు. కణితి అంచు వెంట వాటి జాడ కనిపించినప్పుడు తయారీలో పడ్డ శ్రమ గుర్తుకురాదు.

అందరినీ వాడమని చెప్పలేను. మా దగ్గర జనరేటర్ వేరే చికిత్సలకూ నడుస్తుంది, రసాయన పని తెలిసినవారు ఉన్నారు. ఎప్పుడో ఒకసారి మాత్రమే ఈ చికిత్స చేసేచోట సిద్ధంగా వచ్చే యిట్రియమే మేలు, పైగా దాని వెనుక పెద్ద పరీక్షల బలం ఉంది. జనరేటర్ కొత్తగా ఉన్న వారాల్లో నేనైతే అల్బుమిన్‌నే కోరుకుంటాను. పాతబడ్డాక, చిక్కబరిచిన ద్రవం ఎంత పరిమాణంలో వచ్చిందో చూశాకే రోగిని పిలవమంటాను.